తువ్వాలు కింది బేరం

…లేదు, కెమెరాను మరిచిపోవడం తనకు చేతకాదు. ఏడుస్తున్నప్పుడూ తెలుసు, కెమెరా ఎడమవైపు ఉందని. చస్తున్నప్పుడూ తెలుసు. ఇరవై రెండేళ్ళలో అరవై సినిమాల్లో చచ్చాడు అనంతకుమార్. ఒక్కసారి కూడా కెమెరాకు వీపు పెట్టి చావలేదు.

ఇప్పుడు దర్శకుడయ్యాడు. మొదటి సినిమా. నటించేదీ తనే, తీసేదీ తనే.

వేప్పనపల్లి దగ్గర ఎద్దుల సంత, ఇక్కడి మాటలో పరస. రైతు తన ఎద్దును అమ్ముకునే ఆఖరి సీను. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి ధర తేల్చుకోవడం ఇక్కడి పద్ధతి. ఎంతన్నదీ పక్కవాడికి తెలియకూడదు.

ఆరు టేకులయ్యాయి. కొనేవాడి వేషానికి నిలబెట్టిన ప్రతివాడూ తువ్వాలు కప్పగానే కెమెరా వైపు చూసి నవ్వాడు. ఒకాయన మీసం కూడా దువ్వుకున్నాడు.

సాయంత్రానికి పరస విడిపోతుంది. ఈ సీను లేకపోతే సినిమా లేదు.

“యాక్షన్ అని అరవొద్దు. ఆ మాట వినే అందరూ ఇటు తిరుగుతున్నారు” అన్నాడు అసిస్టెంట్ పవిత్రతో. “కెమెరా గడ్డిబండి చాటున పెట్టించు. మేం మొదలుపెట్టగానే తీసేయండి. ఈసారి కొత్త మనిషిని చూడు.”

పవిత్ర జనంలోకి పోయింది. టీ అంగడి పక్కన ఒంటరిగా నిలబడ్డ ముసలాయన భుజం తట్టింది.

“తాతా, ఆడొక ఎద్దుండాది. బేరం మాట్లాడతావా?”

“దానికే కదమ్మా వచ్చినాను. చెయ్యి పట్టుకోని తీస్కపో, జనం జాస్తి.”

పేరు వెంకటేశప్ప అన్నాడు. వస్తూనే ఎద్దు నోట్లో చెయ్యి పెట్టి పళ్ళు తడిమాడు. మూపురం నుంచి తోక దాకా అరచెయ్యి పరిచి నిమిరాడు. వంగి గిట్టలు తట్టాడు.

ఇవేవీ మనం చెప్పలేదే అనుకున్నాడు అనంతకుమార్.

తువ్వాలు కప్పుకున్నారు. ముసలాయన వేళ్ళు నొక్కాడు. అనంతకుమార్ తిరిగి నొక్కాడు. కాసేపు వేళ్ళే మాట్లాడుకున్నాయి. ఉన్నట్టుండి ముసలాయన చెయ్యి ఆగింది.

“చెయ్యి ఒణకతా ఉండాదే అప్పా. అమ్మే మనసు లేదా?”

ఈ మాట స్క్రిప్టులో లేదు.

“లేదు మామా.”

ఇదీ లేదు.

“మల్ల యాల అమ్మేది?”

“గతి లేక.”

తన లోపల ఎక్కడో ఉన్న రైతు ఒకడు తనను అడక్కుండానే నోరు తెరిచాడు.

“దిగులుపడొద్దు. మా ఇంట్లో ఒకటి, జతది పోయినప్పట్నించి సరిగా మేత ముట్టలేదు. దీన్ని బిడ్డ మాదిరి చూసుకుంటాను.”

ముసలాయన చివరిసారి నొక్కాడు. అనంతకుమార్ ఒప్పుకున్నాడు. తువ్వాలు తీశారు.

చుట్టూ చప్పట్లు. పవిత్ర కళ్ళు తుడుచుకుంటూ బొటనవేలు చూపించింది.

అనంతకుమార్ బండి చాటుకు పరుగెత్తి మానిటర్ చూశాడు. తన వీపే కనిపిస్తోంది. వీపే ఏడుస్తోంది. పరీక్ష పాసైన పిల్లవాడిలా గట్టిగా నవ్వాడు.

“ఆయన ఒక్కసారైనా ఇటు చూశాడా? అరవై సినిమాలు చేసి నేను నేర్చుకోలేనిది అది. వచ్చే సినిమాలో పెద్ద వేషం ఆయనకే.”

ఆ మాట చెప్పడానికి తిరిగి వచ్చేసరికి, చేతిలో నీళ్ళ సీసాతో ఒకామె ముసలాయన్ని కోప్పడుతోంది.

“నీళ్ళు తెచ్చేలోపల యాడికొచ్చినావు నాయనా? కండ్లు కనపడవు. నిల్చుకోమన్న తావులో నిల్చుకోవు.”

“తిట్టొద్దు ప్రేమా. బేరం కుదిరింది. దుడ్డు తియ్యి.” ముసలాయన మొహం వెలిగిపోతోంది. “చప్పట్లు కూడా కొట్టినారు. మా కాలంలో ఈ మర్యాద లేదు.”

ప్రేమ నడుముకు కట్టుకున్న సంచి విప్పసాగింది.

“మాట తగ్గించొద్దు. ఈయప్ప మనసు చంపుకోని అమ్మతా ఉండాడు, పాపం.”

పవిత్ర అనంతకుమార్ చెవి దగ్గరికి వచ్చింది.

“సార్, ఇది షూటింగని చెప్పేదా? సినిమా కోసం మనం కొన్న ఎద్దు సార్.”

అనంతకుమార్ వద్దన్నట్టు చెయ్యి చూపాడు. ప్రేమ ఇచ్చిన డబ్బు రెండు చేతులతో తీసుకున్నాడు.

కొనేవాడి వేషం ఎవరూ వెయ్యలేదని తెలిసిన, అనంతకుమార్ లోపలి ఆ రైతు, ఎద్దును కట్టిన గూటం దగ్గర వంగి పలుపు విప్పి, వెంకటేశప్ప అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.