అటక మీది స్టవ్వు

"ఆ స్టవ్వు ఈడ ఉన్నంతసేపూ నేను ముద్ద ముట్టేది లే," అన్నాడు జయరాం మంచం మీది నుంచే.

డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. పొద్దున్నుంచి నిజంగానే ముట్టలేదు. కొర్రన్నం కంచంలోనే ఎండిపోయింది. షుగరు మాత్రలు మింగే మనిషి ఇట్లా పస్తుంటే సాయంత్రానికి ఆస్పత్రి పాలవడం ఖాయమని కొడుకు హరికృష్ణకు భయం పట్టుకుంది.

తప్పు హరికృష్ణదే. ఆదోనిలో అందరూ ప్లాట్లు కొంటుంటే ఆయన పాత సామాన్లు కొంటాడు. హాల్లో ఒక గోడ నిండా పింగాణీ జాడీలు, మరచెంబులు, ఇత్తడి టిఫిన్ క్యారియర్లు, నోరు పడిపోయిన వాల్వు రేడియో. ఎమ్మిగనూరు నుంచి కూడా వచ్చి చూసిపోతుంటారు. వాళ్లు మెచ్చుకుంటే ఆ పూట ఆయనకు ఆకలి వేయదు. నిన్న ఆలూరులో, పోయినేడు చనిపోయిన మేనత్త గంగమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీద మూతి కుట్టేసిన గోనెసంచిలో ఇత్తడి పంపు స్టవ్వు దొరికింది. యాభై అరవై ఏళ్ల నాటిది. మసి పట్టి నల్లగా ఉందిగానీ ఒక్క సొట్ట లేదు. మురిసిపోతూ తెచ్చుకున్నాడు.

తండ్రి బాధ తెలియక కాదు. గోడ మీద ఫొటోలో ఉన్న గౌరి జయరాంకు మొదటి భార్య. పెళ్లయిన ఏడాదికే స్టవ్వు పేలి చనిపోయింది. యాభై మూడేళ్లయింది. ఆ స్టవ్వుది అరచెయ్యంత తునక కూడా దొరకలేదని జయరాం ఇప్పటికీ చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ కళ్లు తుడుచుకుంటాడు. ఆ తర్వాత ఈ ఇంట్లో స్టవ్వన్నది అడుగు పెట్టలేదు. హరికృష్ణ తల్లి గ్యాసు వచ్చేదాకా కట్టెల పొయ్యి దగ్గరే దగ్గుతూ బతికింది.

"నాయనా, అది పేలిపాయ గదా. ఇది వేరేది. అత్తది అయ్యుంటాది," అన్నాడు హరికృష్ణ పక్కన కూర్చుని.

"ఏదైతే ఏం. పాత సామాన్లు కొనేవానికి ఏసిరా పో."

ఇంత భయం కడుపులో పెట్టుకుని ముసలాయన ఎట్లా బతికాడో అని హరికృష్ణకు జాలేసింది. ఆ భయం పోవడానికి ఒకటే దారి కనిపించింది. ఆ రోజుల్లో పుట్టింటి నుంచి ఏ ఇత్తడి సామాను వచ్చినా కూతురి పేరు చెక్కించే పంపేవాళ్లు. మసి కింద గంగమ్మ అని కనబడితే చాలు, తండ్రి కుదుటపడి అన్నం తింటాడు.

మార్కెట్లో స్టవ్వులు బాగుచేసే నబీ సాబును పిలిపించాడు. నబీ సాబ్ మంచం ఎదురుగానే చతికిలబడి వాషరు మార్చాడు, పిన్ను పొడిచాడు, ట్యాంకును బకెట్లో ముంచి గాలి కొట్టాడు. ఒక్క బుడగ రాలేదు.

"యాడా అతుకు పడలేదు సార్ దీనికి. ఎట్ల చేసినారో అట్లే ఉంది. ఇది పేలేదే లేదు, రాసిస్తా."

"ఇన్నావా నాయనా?"

జయరాం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

హరికృష్ణ తానే చింతపండు పట్టించి తోమాడు. మసి కరిగి ట్యాంకు మీద సన్నటి అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. చదివాడు. చెయ్యి ఆపి మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఎవురి పేరు సార్? నాకు తెలుగు సదవను రాదు," అని నబీ సాబ్ అడిగాడు.

హరికృష్ణ గోడ మీది ఫొటో కేసి చూశాడు. ఆ తర్వాత తండ్రి వీపు కేసి. నబీ సాబ్ స్టవ్వును తనవైపు లాక్కుని, కాస్త కిరసనాయిలు పోసి, అగ్గిపుల్ల గీసి బర్నరు వేడిచేసి, నాలుగు పంపులు కొట్టాడు.

యాభై మూడేళ్ల కింద తునాతునకలైపోయిన గౌరి స్టవ్వు బుస్సున అంటుకుని, నీలంగా, నిలకడగా మండింది.