పాల్ ఆడతానన్నాడు

"నువ్వు ఆట మానేస్తే మేము మళ్లా ఆ గ్రౌండు మొగం సూడం!" అంటూ ఆటో గోవిందస్వామి నూట నలభై సంతకాలున్న కాగితాన్ని పాల్ చేతిలో పెట్టాడు.

మిట్టూరులోని తన ఇంటి వసారాలో కూర్చుని పాల్ మోకాలికి మందు రాసుకుంటున్నాడు. బస్సు డిపోలో మెకానిక్ అతను. ఇరవై ఏళ్లుగా చిత్తూరు బాస్కెట్‌బాల్ జట్టులో ఏడో నంబరు. వయసు నలభై ఒకటి. ముందురోజు సాయంత్రం సెమీఫైనల్ గెలవగానే మైకు అడిగి తీసుకుని, "నేను ఇంక ఆడను. ఆదివారం ఫైనల్‌కు నా చోట ఇంకొకర్ని దించండి" అని చెప్పి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఫైనల్ ముందర ఎవరైనా మానేస్తారా? ఎందుకు మానేశాడు? ఊళ్లో అందరిదీ అదే ప్రశ్న.

"ఎవురితోనైనా తగువైందా అన్నా?" గోవిందస్వామితో వచ్చిన నిర్మలమ్మ మెల్లగా అడిగింది. ఆమె స్కూలు టీచరు. తను లంగా ఓణీలు కట్టే రోజుల నుంచి పాల్ ఆట చూస్తోంది.

"ఎవురితోనూ లేదు టీచరమ్మా."

"మరి?"

పాల్ బట్టల షాపు కృష్ణమూర్తి వైపు తిరిగాడు. వచ్చిన ముగ్గురిలో పెద్దవాడు ఆయనే.

"నిన్న నేను ఎన్ని వేసినాను అన్నా?"

కృష్ణమూర్తి ఇబ్బందిగా కదిలాడు. "తొమ్మిది వేస్తే రెండు పడినాయి. బోర్డు పక్క నుంచి ఎండ నేరుగా కండ్లల్లో కొడతా ఉండె కదప్పా."

"ఎండ అందరికీ కొట్టింది కదన్నా."

పాల్ ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూశాడు. "నిజం చెప్పండి. నేను ఆడాలని మీకు ఉండాదా?"

"ఉండాది!" ముగ్గురూ ఒకేసారి అన్నారు.

"సరే. ఆడతా."

గోవిందస్వామి గట్టిగా చప్పట్లు కొట్టాడు. మిగతా ఇద్దరి చేతులూ కదల్లేదు. పాల్ భార్య కోమలి కాఫీ ఇచ్చింది. తాగి, వస్తామని చెప్పి ముగ్గురూ బయటపడ్డారు.

వీధి మలుపుదాకా గబగబా నడిచారు. మలుపు తిరిగాక కృష్ణమూర్తి నిలబడిపోయాడు.

"ఏం గోవిందూ, అంత గట్టిగా అడగాల్నా? ఏదో మర్యాదకు ఒక మాట అని వస్తే సరిపోయేది కదా!"

"నేనొక్కడినే అడిగినానా? ఉండాది అని నువ్వు అరవలేదా?"

"మొగం మీద ఎట్లా లేదంటాను అబ్బా?"

నిర్మలమ్మ పైటకొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "నిన్న ఆయన కింద పడినప్పుడు నేను కండ్లు మూసుకున్నా. ఆయన చేతికి బంతి వస్తే అప్పట్లో లేచి నిలబడతా ఉంటిని. ఇప్పుడు, ఆయనకు బంతి ఇయ్యొద్దండి అని లోపల అనుకుంటా ఉండా."

గోవిందస్వామి తల దించుకున్నాడు. "ఆట మానేస్తాడంటే రేత్రి అన్నం సహించలేదు నాకు. ఆడతాను అనగానే ఇప్పుడు గుండె గుభేలుమనింది. ఇది ఏమి రోగమో ఏమో!"

"ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నాడు కృష్ణమూర్తి.

"ఏం చేసేదేముంది, పోయి చెప్పాల," అంది నిర్మలమ్మ.

వెనక్కి నడిచారు. పాల్ అక్కడే కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి ఆశ్చర్యపోలేదు. కృష్ణమూర్తి గోవిందస్వామిని మోచేత్తో పొడిచాడు.

"అన్నా, ఆ కాగితం ఒకసారి ఇస్తావా? ఒక పేరు తప్పు పడినట్టు ఉండాది."

"అబద్ధాలు వద్దు గోవిందూ," అని నిర్మలమ్మ ముందుకు వచ్చింది. "నువ్వు ఆడొద్దన్నా. నువ్వు ఆడితే మనం ఓడిపోతాము. నువ్వు లేకపోతే నాకు ఆట సూడబుద్ధి కాదు. అయినా ఆడొద్దు."

కృష్ణమూర్తి కండువాతో మొహం తుడుచుకున్నాడు. పాల్ తిడతాడని ముగ్గురూ ఎదురు చూశారు. పాల్ నవ్వాడు.

"కూర్చోండి. మన సంతపేటోళ్లు కూడా పొద్దున ఇట్లనే వచ్చినారు. ఆడతాననే చెప్పినా. వాళ్లు కూడా మలుపుదాకా పోయి తిరిగొచ్చి, ఏడ్చి, వాళ్ల కాగితం వాళ్లు తీసుకుపోయినారు."

"అయితే నువ్వు ఆడతానన్నది...?"

"నిన్ననే మానేసినా కదమ్మా. ఫైనల్‌కు వచ్చి మీ పక్కనే కూర్చుంటా. మీరు నాకు చోటు పట్టండి."

లోపలికి వెళ్లి రెండు కాగితాలు తెచ్చాడు. "మీది ఏదో సూసి తీసుకోండి."

గోవిందస్వామి తమది మడిచి జేబులో పెట్టుకుని, రెండోదాన్ని చూశాడు. "ఇది ఎవురిదన్నా? వీళ్లు తిరిగి రాలేదా?"

"రాలేదు. తొలి బస్సుకే వచ్చి, కాళ్లు మొక్కి, ఆడి తీరాలని ఒట్టు పెట్టి మరీ పోయినారు. వాళ్లు తిరిగి రారులే."

'మా కంటికి నీ అంతటి ఆటగాడు ఇంకొకడు కనబడలేదు' అని మొదట్లోనే రాసి ఉండటం చూసి, అంత అభిమానం ఎవరిదా అని నిర్మలమ్మ కాగితం అందుకుంది. కింద పన్నెండు సంతకాలు మాత్రమే ఉన్నాయి. వాటి పైన గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: 'ఇట్లు, ఆదివారం ఫైనల్లో మీ జట్టుతో తలపడబోయే తిరుపతి జట్టు.'