తండ్రి పేరు

“తండ్రి పేరు చెప్పదట, ఫాదర్! నొప్పులు పడుతుంటే అడిగాను, ఇప్పుడూ అడిగాను. నోరు విప్పితే ఒట్టు!”

మంత్రసాని ఎమట్ బాప్తిస్మం కోసం బిడ్డను ఎత్తుకుని చర్చిలోకి వచ్చింది. ఆ బిడ్డ తల్లి ఈ ఊరిది కాదు. ఎక్కడి నుంచో నడిచొచ్చి గొర్రెల కొట్టంలో ప్రసవించింది. పురుడు తీరలేదు గనుక గుమ్మం అవతలే తల దించుకుని నిలబడింది. చూడవచ్చిన ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతున్నారు.

కొత్తగా వచ్చిన ఫాదర్ ఆంబ్రోస్ ముఖం కందిపోయింది. గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

“మీ పేరేంటమ్మా?”

“థామసిన్.”

“పెళ్లి...”

“అయింది, ఫాదర్. చర్చిలోనే, అందరి ఎదుటా. మా ఊరి ఫాదర్‌తో.”

“ఓహో, ఫాదర్‌గారి ఉంపుడుగత్తె!” అంది ఒకావిడ. నవ్వులు పెద్దవయ్యాయి.

“ఉంపుడుగత్తెను ఎలా అవుతానమ్మా? పోయిన చిన్నరాజుగారి కాలంలో ఫాదర్లు పెళ్లాడొచ్చని చట్టమే చెప్పింది. ఆయన తర్వాత ఈ రాణిగారొచ్చి ఆ పెళ్లిళ్లు చెల్లవన్నారు. మా ఆయన తప్పు ఒప్పుకున్నట్టు తెల్ల దుప్పటి కప్పుకుని, కొవ్వొత్తి పట్టుకుని, నేను తన భార్యను కానని ఊరందరి ముందూ చెప్పేశారు. అప్పటికే ఇది కడుపులో ఉంది.”

ఎవరూ నవ్వలేదు.

“మగాడేనా వాడు?” ఎమట్ మండిపడింది. “మా పాత ఫాదర్‌కీ పెళ్లాం ఉందనే కొలువు పోయింది. అయినా ఆవిణ్ణి వదల్లేదు. నార్విచ్‌లో మగ్గం నేసుకుని బతుకుతున్నారు. మీరు పెళ్లి జోలికి పోని మనిషి, ఫాదర్. మీకివన్నీ ఏం తెలుస్తాయిలెండి!”

ఆంబ్రోస్ తల ఎత్తలేకపోయాడు.

“అతను ఎక్కడున్నాడో... తెలుసా అమ్మా?”

“నన్ను వదిలేసినందుకే ఆయనకు వేరే ఊళ్లో కొలువిచ్చారు. పేరు బయటపెడితే ఆ కూడూ పోతుంది, ఫాదర్. ఇంకేం అడక్కండి.”

అతను ఎమట్ చేతుల్లోని బిడ్డ వైపు తిరిగాడు.

“బిడ్డకేం పేరు పెట్టమంటారు?”

“మీరే పెట్టండి.”

అతను బిడ్డ తల మీద బాప్తిస్మం నీళ్లు పోశాడు. సగం నీళ్లు నేలపాలయ్యాయి.

“సిసిలీ,” అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

ఎమట్ బిడ్డను చుట్టి తల్లి చేతికిచ్చింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

“ఒళ్లు కుదుటపడేదాకా మా ఇంట్లో ఉంటుందిలెండి,” అంది ఎమట్. “తర్వాత ఎటు పోతుందో ఏమో.”

థామసిన్ బిడ్డను గుండెకు హత్తుకుని వెనుదిరిగింది.

“వెళ్లి రండమ్మా,” అన్నాడు ఆంబ్రోస్.

కట్టుకున్న భార్యను అతను ‘అమ్మా’ అనడం ఆ రోజే మొదలు.