పన్నెండు అక్షరాలు

"ఆ లిస్టు తీసేస్తాండాను మేడం. అది లేకుండా రాయమనండి, సూద్దాం."

వరదరాజులు మౌసు పట్టుకుని రెండుసార్లు నొక్కాడు. కుప్పం నుంచి వచ్చిన శారదమ్మ మేడం వద్దనలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్న కమలాక్షి మాత్రం కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

అది 2003. పుంగనూరులో ఎరువుల అంగడి మేడమీద వరదరాజులు నడిపే కంప్యూటర్ సెంటరు. కుప్పంలో కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఒక మనిషి కావాలి. ప్రోగ్రాం రాయడం వస్తే చాలు, చదువు అడగం అన్నారు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన కమలాక్షితో అలాంటి మాట ఇంకెవరూ అనబోరు. పైగా అమ్మ ఉండేది శాంతిపురంలో, కుప్పం పక్కనే. మూడేళ్ల బిడ్డను అమ్మ చూసుకుంటుంది. నాలుగు రోజులు నిద్ర మానుకుని ఇదంతా ఆలోచించి, అప్పుడు పేరు ఇచ్చింది.

రోజూ పొద్దున్నే సెంటరు ఊడ్చేది కమలాక్షే. చీపురు మూలన పెట్టి, బ్యాచ్ వచ్చేలోపు ఒక మిషను ఆన్ చేసుకుని, ముందురోజు పిల్లలు రాసింది చూసి తనూ రాసేది. అట్లా రెండేళ్లు. ప్రోగ్రాం రాసే ఆ ఎడిటరే ఆమెకు పంతులు. తప్పు కొడితే లైను ఎర్రబడుతుంది. రెండు అక్షరాలు కొట్టినా, చుక్క పెట్టినా, ఆ తర్వాత ఏమేం రావచ్చో కింద లిస్టు పడుతుంది. ఎంటర్ నొక్కితే మిగతాది అదే రాసేస్తుంది. పదిసార్లు అడిగినా విసుక్కోదు.

"మనుషుల్లో అట్లాంటోళ్లను నేను సూళ్లేదు" అనేది పక్క సీటు మునీశ్వరితో.

పోయిన వారమే చేరిన మునీశ్వరి ఒక సంగతి కనిపెట్టింది. ఆ సెంటరులో ఏ ప్రోగ్రాం రాయాలన్నా ఒక పేరు కొట్టి తీరాలి. అచ్చు వేయడం, ఫైలు తెరవడం, కూడికలు చేయడం, అన్ని పనులనూ వరదరాజులు ఒక మాడ్యూల్‌లో పెట్టి, దానికి తన పేరే తగిలించుకున్నాడు. ఇంగ్లీషులో పన్నెండు అక్షరాలు. ఆ పేరు కొట్టి, చుక్క పెట్టి, ఆ తర్వాతే ఏ పనైనా. "సార్‌ను తల్సుకోనిదే ఈడ లైను కదలదు" అని పిల్లలు నవ్వుకునేవాళ్లు.

కమలాక్షి ఆ పేరులో రెండు అక్షరాలు కొట్టి ఆగిపోయేది. లిస్టు తెరుచుకునేది. ఎంటర్ నొక్కేది. మిగతాదంతా కళ్లు మూసుకుని కొట్టగలదు. ఆ ఒక్క పదానికి మాత్రం ఎప్పుడూ లిస్టే. మునీశ్వరి కనిపెట్టింది అదే.

"యాలక్కా, నీకు దాని స్పెల్లింగ్ రాదా?"

"పెద్ద పేరు లేమ్మా" అని నవ్వేసింది కమలాక్షి.

ఇప్పుడు ఆ లిస్టు లేదు.

"మిషను రాసిచ్చిందాన్ని ఈమె రాసిందని ఎట్ల నమ్మేది మేడం?" అన్నాడు వరదరాజులు. "మా సెంటరు పద్ధతిలోనే రాయాల. నా మాడ్యూలే వాడాల. ఇంకో ఫైలు తెరవకూడదు. ఊడ్సేదానికీ కోడు రాసేదానికీ తేడా ఉండాదా లేదా?"

"ఉండాది సార్" అంది కమలాక్షి తల తిప్పకుండా. "ఊడ్సింది మీకు కనపళ్లేదు. ఇది కనపడతాది."

శారదమ్మ మేడం నవ్వు ఆపుకుని పని చెప్పింది. పది ఊళ్ల నుంచి డెయిరీకి పాలు వస్తాయి. ఎక్కువ పోసిన ఊరి పేరు అచ్చు వేయాలి. అరగంట టైము.

మొదటి పది లైన్లూ గబగబా పడ్డాయి. పదకొండో లైనులో ఆ పేరు వచ్చింది. రెండు అక్షరాలు కొట్టి ఆగింది. కింద ఏమీ తెరుచుకోలేదు. అయిదు నిమిషాలు గడిచాయి. చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి గానీ వేళ్లు కదలడం లేదు.

"సెప్తిని గదా మేడం" వెనక నుంచి వరదరాజులు అన్నాడు. "పో కమలాక్షీ, పోయి బిడ్డకు అన్నం పెట్టుకో. అందరికీ అన్నీ రావు."

ఆ గొంతులో కోపం లేదు, ధీమా ఉంది. ఈ పదం దగ్గర ఆగిపోతుందని ఆయనకు ముందే తెలుసు. లిస్టు తీసింది అందుకే. కమలాక్షికి అది అప్పుడు తట్టింది. తట్టాక, బెదురు పోయి ఒళ్లు మండింది.

మూడో అక్షరం కొట్టింది. నాలుగోది. అయిదోది. చెవులు వేడెక్కాయి. పన్నెండోది కొట్టి చుక్క పెట్టింది. తర్వాతది ఎవరూ చూపకుండానే రాసింది. రెండోసారి ఆ పేరు వచ్చినప్పుడు వేలు ఆగలేదు. ఏడోసారి కీబోర్డు వైపు చూడను కూడా లేదు.

ఒక్క లైనూ ఎర్రబడలేదు. నడిపించగానే తెర మీద 'కలికిరి' అని వచ్చింది.

"సరిపోయిందమ్మా. ఏ మాడ్యూలు వాడినావు?" అంది శారదమ్మ మేడం.

"వరదరాజులు" అంది కమలాక్షి, గది అంతా వినబడేలా.

"పేరు పెట్టి పిలుస్తాండావా?" వరదరాజులు ముఖం మాడిపోయింది.

"పిలవలేదు సార్, వాడినాను. మీరే గదా వాడాల అంటిరి."

పక్క సీటులో ఉన్న మునీశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శారదమ్మ మేడం సంచిలోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పెట్టింది. "సోమవారం చేరిపో. ఇది నింపి ఇయ్యి."

రేషన్ కార్డు నుంచి బిడ్డ టీకాల కార్డు దాకా ఎప్పుడూ పక్కవాళ్ల చేత రాయించుకునే 'భర్త పేరు' అన్న గడిలో, కమలాక్షి ఈసారి తన చేత్తోనే రాసింది: వరదరాజులు.