తీసెయ్యమన్న ఉత్తరం

పన్నెండో నంబరు బెడ్ దగ్గర మళ్ళీ గంట మోగింది.

గంటలో అది నాలుగోసారి.

"మీ తాత పిలుస్తున్నాడు డాక్టరమ్మా," అంది నర్స్ డార్లా, చిప్స్ నములుతూ.

"మా తాతేం కాదు."

"మరి నీ పేరే జపిస్తాడేం? కట్టు మార్చడానికి నేను పనికిరానట. కోవాక్ రావాలట."

మారెన్ కోవాక్ లాప్‌టాప్ మూసింది. రేపు ఉదయం తొమ్మిదింటికల్లా దరఖాస్తు పంపాలి. సర్జరీ శిక్షణ సీటు కోసం ఆమె ప్రయత్నించడం ఇది రెండోసారి.

కిందటి మార్చిలో దేశంలోని కొత్త డాక్టర్లకీ ఆసుపత్రులకీ కంప్యూటరు జత కుదిర్చినప్పుడు ఆమె పేరు మిగిలిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పరు. అది పద్ధతి. టొలీడోలోని ఈ ఆసుపత్రిలో ఏడాదిపాటు తాత్కాలికంగా పని దొరికింది.

రెండుసార్లు మిగిలిపోయినవాళ్ళ ఫైలు మూడోసారి ఎవరూ తెరవరు.

పన్నెండో బెడ్ మీద ఉన్నది వెండెల్ గ్రూబ్. డెబ్భై దగ్గరపడ్డాయి. పేగు ఆపరేషన్ అయ్యాక కుట్లు చీము పట్టాయి. రోజూ పుండు కడిగి కట్టాలి. చూడటానికి ఎవరూ రారు. సలహాలు మాత్రం వార్డంతటికీ పంచుతాడు.

"డెట్రాయిట్‌లో సీటొస్తే వెళ్ళకు. కారు ఆపుకోడానికి చోటుండదు."

"అలాగే. ఊపిరి బిగబట్టండి."

"ఆ బూట్లు మార్చు. నడుం పోతుంది."

"అలాగే."

"దరఖాస్తు పంపావా?"

"రేపు."

"సిఫారసు ఉత్తరాలు ఎన్నున్నాయి?"

"ఐదు. నాలుగే జతచెయ్యాలి."

"ఎవరెవరివి?"

చెబితే నోరు మూస్తాడనుకుని చెప్పింది. మూడో పేరు డాక్టర్ ప్రెస్కాట్.

ముసలాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అది తీసెయ్."

మారెన్‌కి నవ్వొచ్చింది.

"ప్రెస్కాట్‌దా? నాకు కత్తి పట్టుకోవడం నేర్పిందే ఆయన. ఆయన పేరు తెలియని సర్జన్ లేడు. నా గురించి ఎవరూ మరిచిపోలేని ఉత్తరం రాస్తానన్నారు. కిందటిసారీ అదే పంపాను."

"నువ్వు చదివావా?"

"ఎలా చదువుతాను? చదవనని ముందే సంతకం పెడతాం. చదివే హక్కు వదులుకోకపోతే ఆ ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు."

"చదవలేదు కదా? తీసెయ్యమ్మా."

"మీకాయన తెలుసా?"

"ముఖం కూడా చూడలేదు."

"మరి?"

వెండెల్ పైకప్పు వైపు చూశాడు.

"అంతకన్నా అడక్కు. నేను చెప్పకూడదు."

"బాగుంది. నిన్న డార్లాని మొగుణ్ణి మార్చమన్నారు. ఇవాళ నన్ను ప్రొఫెసర్ని మార్చమంటున్నారు."

"ఆ మొగుడి సంగతి నా ఊహ. ఇది ఊహ కాదు."

ఆమె కట్టు బిగించి బయటికొచ్చేసింది.

"నొప్పి మందు తగ్గించాలి, మత్తులో ఏదో మాట్లాడుతున్నాడు," అంది డార్లాతో.

మర్నాడు తొమ్మిదికి పావుగంట తక్కువ.

తెర మీద ఐదు ఉత్తరాలు. నాలుగు ఖాళీలు.

ప్రెస్కాట్ పేరు దగ్గర మారెన్ వేలు ఆగింది. మణికట్టు మీద ఆ పట్టు ఇంకా ఉన్నట్టే అనిపించింది.

అంత పెద్ద పేరు ఎవరైనా వదులుకుంటారా?

ప్రెస్కాట్ ఉత్తరాన్ని జతచేసింది. రెండు నెలలుగా పక్కన నిలబెట్టుకుని ఆపరేషన్లు చేయిస్తున్న డాక్టర్ సాల్సెడో ఉత్తరాన్ని వదిలేసింది. పంపేసింది.

వార్డులోకి అడుగు పెట్టగానే వెండెల్ తల ఎత్తాడు.

"తీశావా?"

ఆమెకి వాదించే ఓపిక లేదు.

"తీసేశాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆయన దిండు మీద వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు భోజనం పళ్ళెం ఖాళీ చేశాడు. ఇంకేమీ అడగలేదు. తర్వాత కూడా ఆ సంగతి ఎత్తలేదు.

నవంబరులో చీము రక్తంలోకి పాకింది. నాలుగు రోజుల్లో పోయాడు. పన్నెండో బెడ్ మీదికి ఇంకెవరో వచ్చారు.

మార్చి మూడో సోమవారం పదకొండు గంటలకి మారెన్ ఫోన్‌కి సీటు ఫలితం చెప్పే సందేశం వచ్చింది.

మొదటి మాట 'చింతిస్తున్నాం'.

డార్లా గది తలుపు దగ్గరగా వేసి, బయట కాపలా నిలబడింది.

ఆ వారమంతా అభ్యర్థులు ఆసుపత్రులకి ఫోన్ చెయ్యకూడదు. అది నిబంధన. తర్వాతి సోమవారం మారెన్ కొలంబస్‌లోని పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. రెండుసార్లూ ఆమె మొదటి కోరిక అదే. రెండుసార్లూ ఇంటర్వ్యూకి పిలిచి, నవ్వుతూ మాట్లాడి, వదిలేశారు.

ఫోనెత్తింది సర్జరీ ఆఫీసు గుమస్తా లోర్నా.

"కారణాలు చెప్పమమ్మా."

"ఒక్కటే అడుగుతాను. నా ఉత్తరాల్లో ఏదైనా..."

"ఉత్తరాల ఊసే ఎత్తకూడదు. నోరు జారితే నా ఉద్యోగం పోతుంది."

"ఒకటి తీసెయ్యమని ఒక పేషెంటు నాకు ముందే చెప్పాడు. పిచ్చి మాటలనుకున్నాను. వెండెల్ గ్రూబ్ అని..."

అవతల తలుపు వేసిన చప్పుడు.

"వెండెల్ చెప్పాడా?" లోర్నా గొంతు తగ్గింది. "నోరు విప్పి చెప్పాడా? అయినా మీరు తీయలేదా?"

"ఎవరండీ ఆయన?"

"నాకు ముందు ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఈ కుర్చీలో కూర్చుని, మొదటిసారి వచ్చిన మీ ఫైలుతో సహా ప్రతి ఉత్తరాన్నీ డాక్టర్ల కంటే ముందు చదివి, ఏ ఒక్కదాని గురించీ ఎవరికీ చెప్పని మనిషి."