ముట్టని ముక్క

"ఇంటికొచ్చి చేప వద్దంటావా తల్లీ?" ఒలింకా అవ్వ మొహం మాడిపోయింది.

మాడదూ మరి! యూకాన్ నది సముద్రంలో కలిసే మా ఊళ్లో చేప కాదన్నవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు.

పైగా అది కింగ్ సాల్మన్. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి ఎదురీదే ఆ జాతి మళ్లీ పెరగాలని ఊరంతా దాని వేట మానేసి నాలుగేళ్లయింది. వేరే చేపలకు వేసిన వలలో పొరబాటున పడి చచ్చిన ఒక్కదాన్ని ముసలివాళ్లకు పంచారు. అవ్వ తన వాటాలోని పొట్టముక్కను, అప్పుడే విమానం దిగి గుమ్మంలోకొచ్చిన ఈ పరాయి మనిషికి పెట్టింది.

వచ్చినవాళ్లు తిన్నాకే ఊరూ పేరూ అడగడం మా అలవాటు.

"ఏమీ అనుకోకక్కా. నేను తినను." ఆవిడ ముక్కను ఒక్కసారి వాసన చూసి, పళ్లెం అవ్వ వైపు జరిపింది.

"పట్నం నాలుకమ్మా! మన తిండి దిగుతుందా?" అన్నాడు అవ్వ కొడుకు వాసిలీ. మూల కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"వల దేనికి నాయనా?" అని అడిగిందావిడ.

"రేపు కింగ్ చేపకే వేస్తున్నా. మేమిక్కడ నోళ్లు కట్టుకుని వదిలేస్తే, నది పైన దేశం సరిహద్దు అవతల ఎగువోళ్లు కాల్చుకు తింటున్నారు. మేం వెర్రోళ్లమా? కడుపు మాడ్చుకోవడమంటే నీకేం తెలుసులే!"

ఆవిడ లేచింది. అవ్వ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, వెళ్లొస్తానంది.

తినలేదు కాబట్టి ఎవరని ఎవరూ అడగలేదు.

"ఎందుకొచ్చినట్టు, ఎందుకు పోయినట్టు?" వాసిలీ నవ్వాడు.

పక్కింటి నికిఫర్ ఆవిణ్ని బండి మీద విమానం దగ్గర దింపి, ఆయాసపడుతూ వచ్చాడు.

"ఒరేయ్, ఆవిడెవరనుకున్నావు? ఎగువ ఊరి పెద్ద!"

వాసిలీ చేతులు ఆగిపోయాయి. "పోట్లాడ్డానికొచ్చిందా?"

"మేలు చేశారని మనకు చెప్పుకోడానికొచ్చింది. మనం వదిలిన చేపలు పోయినేడు వాళ్ల వాగుకి చేరాయట. గుడ్లు కూడా పెట్టాయట. నీ మాటలు విన్నాక నోరు పెగల్లేదంది."

వాసిలీ బయటికి పరిగెత్తాడు. విమానం అప్పటికే మబ్బుల్లో కలిసిపోయింది. సిగ్గుతో తలొంచుకుని తిరిగొచ్చి, వల మడిచి అటక మీద పడేశాడు.

అవ్వకి మాత్రం మనసు ఊరుకోలేదు. "మరి నా ముక్కెందుకు ముట్టలేదురా? అక్కడ తిని తిని మొహం మొత్తిందా?"

"వాగు మళ్లీ నిండేదాకా కింగ్ చేప ముట్టబోమని వాళ్ల ఊరంతా ఒట్టేసుకున్నారట పిన్నీ," అన్నాడు నికిఫర్, "అప్పటికి మన వాసిలీ ఇంకా పుట్టనేలేదు."