టేకు చెక్క

"ఓ పెద్దమనిషీ! చెయ్యి తియ్యి!"

మనస్విని అరుపుకు ముసలాయన ఉలిక్కిపడ్డాడు. గోడకున్న బొమ్మ మీది నుంచి అరచెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టద్దని రాసిపెట్టినం. కనబడ్తలేదా?"

"సదువు రాదు బిడ్డా."

సిద్దిపేటలో ఆమెకు అది తొలి ప్రదర్శన. రిజర్వాయరు నీళ్ల కింద మునిగిపోయిన తన ఊరి మీద కవి నాగేశం ఒక కవిత రాశాడు. దాన్ని పాత టేకు చెక్క మీద అక్షరం అక్షరం తిరగేసి చెక్కి, చుట్టూ ఊరి బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితాల మీద అచ్చు తీసింది మనస్విని. చెక్క కూడా నాగేశం తెచ్చిచ్చిందే.

ముఖ్య అతిథి వచ్చే వేళయింది. ముసలాయన కదలడే!

"బిడ్డా, గీ అచ్చు తీసిన చెక్క ఏడుంది?"

చూపిస్తే పోతాడు కదా అని ఆమె బల్ల కింది నుంచి చెక్కను బయటికి లాగింది. అక్షరాల మీదుగా, ఈ మూల నుంచి ఆ మూలకు రెండు లోతైన గాట్లు.

ఆయన కింద కూలబడ్డాడు.

"గిదేంది? గిట్ల కోసిన్రు?"

"నేనే కోసిన. ఇగ దీంతోని ఎవ్వరూ అచ్చు తియ్యద్దని. మా పనిల గదే రూలు."

"అంటే దీంతోని పని అయిపోయినట్టేనా?"

"అయిపోయింది."

"అయితే తీస్కపోనా?"

ఆమెకు నవ్వొచ్చింది. "ఎందుకు? పొయ్యిల పెట్టనీకా?"

పక్కనున్నవాళ్లూ నవ్వారు.

ఆయన మెడలోని తెల్ల తువ్వాల కొసతో గాట్లలోని పొట్టు తుడిచాడు. "బిడ్డా, గిది..."

బయట కారు ఆగింది.

"తాతా, పెద్దోళ్లొస్తున్రు. ఇగ నడువు." ఆయన చేతుల్లోంచి చెక్కను గుంజుకొని బల్ల కిందికి తోసేసింది.

ముసలాయన గోడ పట్టుకొని లేచి, ఎవరికీ అడ్డం రాకుండా పక్క నుంచి వెళ్లిపోయాడు.

దండలు, మాటలు, ఫొటోలు అన్నీ అయ్యాయి. జనం పలచబడ్డాక నాగేశం నలుదిక్కులా చూశాడు.

"సిద్ధయ్య కాక రాలేదా? పొద్దుగాలనే బస్సెక్కుతనన్నడు. తెల్ల తువ్వాల ఉంటది మెడల."

మనస్విని చూపు బల్ల కిందికి పోయింది.

"ఆయనెవరు, అన్నా?"

"చెక్క ఇచ్చినాయన. పైలంగ వాడుకో, పనైనంక మళ్ల ఇయ్యాలె అని చెప్పిన గద నీకు?"

చెప్పాడు. అప్పుడు ఉలి నూరుకుంటూ ఆమె ఊఁ కొట్టింది.

వాకిట్లోకి పరుగెత్తింది. రోడ్డు మీద ఆయన జాడ లేదు.

తల వంచుకొని తిరిగొచ్చింది. "వేరే టేకు చెక్క కొనిద్దాం అన్నా," అంది.

నాగేశం ఆమెను వింతగా చూశాడు.

"గది ఆయనింటి తలుపమ్మా. ఊరు ఖాళీ చేసిననాడు ఇంట్లకెల్లి ఆయన ఎత్కొచ్చుకున్నది గదొక్కటే."